డబ్బు కట్టాం, తినండక్కా!



ప్రతి సంచికలోనూ మేము ఏదో ఒక జబ్బు గురించి, దాని జాగ్రత్తల గురించి వ్రాస్తూ ఉంటాము. ఈసారి ఒక భోజనం గురించి వ్రాయవలసి వచ్చింది. అది మేమే పెట్టిన భోజనం, మేమే దగ్గర కూర్చుని తినిపించిన భోజనం. కనుక ముందు మా తప్పు చెప్పుకుని, ఆ తరువాత మాకు తోచిన నాలుగు మాటలు చెబుతాము.

మా సీనియర్ సిస్టర్ ఒకరు కిందటి ఏడాది నవంబరులో రిటైరయ్యారు. ఆమె దగ్గర పని నేర్చుకోని నర్సు మన వార్డులలో లేదంటే అతిశయోక్తి కాదు. చిన్నా పెద్దా అందరం ఆమెను "అక్కా" అనే పిలుస్తాము. శాలువా కప్పడం, దండ వేయడం, ఫోటో దిగడం అయ్యాక జూనియర్ సిస్టర్లు ఒక కోరిక కోరారు. అక్కను అబిడ్స్‌లో బఫేకు తీసుకువెళదామన్నారు. మనిషికి ఆరు వందల చిల్లర. ఒకసారి డబ్బు కడితే ఎంతైనా తినవచ్చు, ఎన్నిసార్లయినా పెట్టుకోవచ్చు. ఎనిమిది మందిమి చందా వేసుకుని అక్క డబ్బు కూడా మేమే కట్టాము.

అక్కకు పదిహేనేళ్ళుగా షుగర్. మూడు పూటలా భోజనానికి అరగంట ముందు ఇన్సులిన్ వేసుకోవాలి. దానికి తోడు గుండె పంపింగు తగ్గినదని రెండేళ్ళ క్రితం ఎకో పరీక్షలో తేలింది. ఉప్పు తగ్గించమని, నీరు కూడా కొలుచుకుని త్రాగమని డాక్టరు గారు చెప్పారు. ఇవన్నీ మాకు తెలియనివి కావు. ఆమె కేసు షీటు మా చేతులతో వ్రాసినదే.

ఆదివారం ఆరాధన అయ్యాక బయలుదేరాము. ఒంటిగంటకు టేబుల్ చెప్పాము కనుక పన్నెండున్నరకే అక్క ఇన్సులిన్ వేసుకున్నారు. నాంపల్లి మెట్రోలో దిగి స్టేషన్ రోడ్డు మీదుగా కబుర్లు చెప్పుకుంటూ నడిచాము. ఆదివారం అబిడ్స్ సంగతి మీకు తెలిసిందే. మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. అక్క అక్కడ ఆగి మనవడి కోసం రెండు పుస్తకాలు బేరమాడారు. హోటలుకు చేరేసరికి మెట్ల వరకు జనం. "పది నిమిషాలమ్మా, పది నిమిషాలు" అంటూ వారు మమ్మల్ని రెండు గంటల వరకు నిలబెట్టారు.

అక్కకు చెమటలు పట్టాయి. జనం వలన ఉక్కగా ఉన్నదేమో అనుకున్నాము. చేతులు వణికాయి. నడిచి వచ్చిన అలసట అనుకున్నాము. మాట తడబడినప్పుడు గాని మాలో అందరికన్నా చిన్న సిస్టరుకు వెలగలేదు, షుగర్ పడిపోయిందని. కౌంటరులో చక్కెర అడిగి నీళ్ళలో మూడు చెంచాలు కలిపి త్రాగించింది. పది పదిహేను నిమిషాలలో అక్క తేరుకున్నారు. ఎనిమిది మంది నర్సులం, ఒక్కరి సంచిలో కూడా గ్లూకోమీటరు లేదు. ఈ మాట వ్రాయడానికి మాకు సిగ్గుగానే ఉన్నది.

అక్కడితో ఆగినా బాగుండేది. టేబుల్ దొరికిన తరువాత అందరికీ ఒకటే జాలి, పాపం అక్క నీరసించిపోయారని. ఒకరు సూపు తెచ్చారు. ఒకరు వేపుళ్ళు తెచ్చారు. ఒకరు బిర్యానీ వడ్డించారు, ఇంకొకరు దాని మీద మరో రెండు ముక్కలు వేశారు. అప్పడాలు, పచ్చళ్ళు సరేసరి. చాలు అని ఆమె అన్నప్పుడల్లా "డబ్బు కట్టాం, తినండక్కా!" అన్నాము. నవ్వుతూనే అన్నాము. చివర గులాబ్ జామూన్, ఐస్‌క్రీమ్ కూడా తినిపించాము.

ఆ రాత్రి రెండు గంటలకు ఆమె కుమారుడు ఆటోలో ఆమెను మన క్యాజువాల్టీకి తీసుకువచ్చాడు. పడుకోలేరు, కూర్చుంటే గాని ఊపిరి ఆడదు. ఊపిరితిత్తులలో నీరు చేరింది. షుగర్ నాలుగు వందలు దాటింది. ఆక్సిజన్ పెట్టి, మూత్రం వెళ్ళే ఇంజెక్షన్ ఇచ్చి, తెల్లవారేసరికి గండం గట్టెక్కించారు. నాలుగు రోజులు వార్డులో ఉన్నారు. మధ్యాహ్నం బఫేలో వడ్డించిన చేతులే ఆ రాత్రి ఆమెకు సూది గుచ్చాయి.

మూడవ రోజున, కాస్త మాట్లాడగలిగిన తరువాత, "ఎందుకు తిన్నారక్కా, మీకు తెలియదా?" అని మేము అడిగాము. అది కూడా మేమే అడగాలా! ఆమె కోప్పడలేదు. "మీరు డబ్బు కట్టారు కదమ్మా. వదిలేస్తే మీరు నొచ్చుకుంటారని తిన్నాను" అన్నారు.

ఈ వ్యాసం వ్రాయడానికి కారణం ఆ మాటే.

ఎంతైనా తినవచ్చు అన్న చోట మనుషులు ఎక్కువ తింటారంటే అది వారి తిండిపోతుతనం అని సాధారణంగా అనుకుంటాము. ఆసుపత్రిలో మేము కూడా ఇన్నాళ్ళూ అదే అన్నాము. "నోరు కట్టుకోలేరా?" అని ఎందరు పేషంట్లను మందలించామో లెక్కలేదు. ఇప్పుడు మా అభిప్రాయం మారింది. అక్కది ఆశ కాదు, మొహమాటం. పెట్టినవారి మనసు నొచ్చుకుంటుందనే మొహమాటం, కట్టిన సొమ్ము దండగ అవుతుందనే బాధ. ఈ రెండూ మంచి గుణాలే. పొదుపు, మర్యాద అని పిల్లలకు మనం నేర్పేవే. అన్‌లిమిటెడ్ బల్ల దగ్గర ఆ రెండు గుణాలే మనిషికి ఎదురు తిరుగుతాయి. అందువలన "నోరు అదుపులో పెట్టుకోండి" అనే సలహా అక్కడ పనిచేయదు. అక్కడ అదుపు తప్పినది నోరు కాదు.

మన వైపు ఎంతైనా తినే భోజనం కొత్తదేమీ కాదు. అబిడ్స్ లోనూ నాంపల్లి స్టేషన్ చుట్టుప్రక్కలా మెస్సుల ముందు "ఫుల్ మీల్స్", "ప్లేట్ మీల్స్" అని రెండు రేట్ల బోర్డు మనం చిన్ననాటి నుండి చూస్తున్నదే. ఫుల్ మీల్స్ అంటే మారు వడ్డిస్తారు, ప్లేట్ మీల్స్ అంటే పళ్ళెంలో పెట్టినదే. పొద్దున్నుండి మూటలు మోసిన హమాలీకి, హాస్టలులో ఒక పూట మానుకుని చదువుకునే కుర్రవాడికి ఆ ఫుల్ మీల్స్ ఒక న్యాయం. దానిని మేము తప్పు పట్టము. శరీరం కష్టపడినవారు ఆకలి తీరే వరకు తినాలి.

అయితే ఆ మెస్సులో ఒక సంగతి ఉన్నది. వడ్డించేవాడు బకెట్టు, గరిటె పట్టుకుని వచ్చి మన ముందు నిలబడతాడు. అన్నం కావాలా, సాంబారు పోయాలా అని అడుగుతాడు. వద్దంటే ముందుకు పోతాడు. ఇంకా బలవంతం చేస్తే ఆకు మీద చెయ్యి అడ్డం పెడతాము. ఆ చెయ్యి అడ్డం పెట్టడం మన భోజనంలో ఉన్న పెద్ద మందు. తెలియకుండానే ప్రతి మారుకూ ఒక ప్రశ్న, ఒక జవాబు నడుస్తాయి. వడ్డించేవాడు తిరిగి వచ్చేలోగా నాలుగైదు నిమిషాలు పడుతుంది. కడుపు నిండిన కబురు మెదడుకు అందడానికి సుమారు 20 నిమిషాలు కావాలి. ఆ వ్యవధి మెస్సులో తనంతట తానే దొరుకుతుంది.

బఫేలో అడిగేవాడు లేడు. చెయ్యి అడ్డం పెట్టడానికి ఎవరూ వడ్డించడం లేదు. మన చేతే గరిటె. పైగా ముందుగా చేతికి అందేవి సూపులు, వేపుళ్ళు, రొట్టెలు. వాటితోనే సగం కడుపు నిండుతుంది. అసలు వంటకాలు అవతలి బల్ల మీద ఉంటాయి కనుక నిండిన కడుపు మీదే మళ్ళీ మొదలు. పదకొండు రకాల కూరలు ఉంటే ఒక్కొక్కటి రుచి చూసినా పదకొండు చెంచాలు. హోటలువారి వ్యాపారం వారిది. వారిని మేము తిట్టబోవడం లేదు.

ఒక్క విషయం మాత్రం అడగదలచుకున్నాము. చాలా బఫేలలో చిన్నపిల్లలకు సగం రేటు ఉంటుంది. పిల్లవాడు తక్కువ తింటాడు కనుక అది సబబే. మరి డెబ్బై ఏళ్ళ తాతగారు పిల్లవానికన్నా ఎక్కువ తింటారా? డయాలసిస్ చేయించుకునే మనిషి తింటాడా? అతనికి మాత్రం పూర్తి రేటు. కుటుంబమంతా వెళుతుంటే ఆయనను ఇంట్లో వదిలిపెట్టలేరు. వెంట తీసుకువెళ్ళి పూర్తి డబ్బు కట్టి, పెరుగన్నం తిని లేస్తే చూడలేరు. "కొంచెం మటన్ వేసుకోండి నాన్నా" అంటారు. అక్క విషయంలో జరిగినది ఇదే. పెద్దవారికీ రోగులకూ సగం రేటు పెడితే హోటలుకు పోయేది కొంచెమే. టేబుల్ దగ్గర బలవంతం మాత్రం సగానికి సగం తగ్గుతుందని మా నమ్మకం. ఈ మాట మేము ఆ తరువాత ఒక కౌంటరులో అడిగాము కూడా. "అలాంటి రేటు లేదమ్మా" అన్నాడు ఆ అబ్బాయి, పాపం మర్యాదగానే. పదిమంది అడిగితే వస్తుందేమో. మీరు కూడా అడగండి.

కొలిచి పెట్టే భోజనం అంటే తక్కువ భోజనం అని చిన్నచూపు ఉన్నది. 2014లో నాంపల్లి సరాయి దగ్గర నగరపాలక సంస్థవారు 5 రూపాయల భోజనం మొదలుపెట్టినప్పుడు మేము వెళ్ళి చూశాము. అన్నం, పప్పో సాంబారో, కూర, పచ్చడి. అందరికీ ఒకటే కొలత. మన ఒ.పి.కి వచ్చే పేషంట్ల వెంట ఉండేవారు ఎందరో అటువంటి భోజనంతో రోజులు గడుపుకున్నారు. అది తిని ఆకలితో లేచామని మాతో ఎవరూ అనలేదు. అబిడ్స్ బఫేలో ఆయాసపడుతూ లేచినవారిని మాత్రం చాలామందిని చూశాము.

ఇక జబ్బు ఉన్నవారి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మన చందాదారులలో షుగర్ లేని ఇల్లు అరుదు. దేశంలో పది కోట్ల మందికి పైగా షుగర్ వ్యాధితో ఉన్నారని వైద్య పరిశోధన మండలి వారి సర్వే 2023లో తేల్చింది.

ఇన్సులిన్ వేసుకునేవారికి బఫేలో మొదటి ప్రమాదం ఎక్కువ తినడం వలన కాదు, ఆలస్యం వలన వస్తుంది. ఇంటి దగ్గర సూది వేసుకుని బయలుదేరకండి. అబిడ్స్ ట్రాఫిక్కు, హోటల్ క్యూ మీ సూదికోసం ఆగవు. సూది సంచిలో పెట్టుకుని వెళ్ళండి, భోజనం ఎదురుగా వచ్చాక, లేదా డాక్టరు గారు మీకు చెప్పిన వ్యవధి ఖాయంగా ఉన్నదని తెలిశాక వేసుకోండి. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక మాటలు వస్తే షుగర్ పడిందేమో అని ముందు అనుమానించండి. 70కి తక్కువ ఉంటే, లేదా చూసే యంత్రం లేకపోతే, మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇవ్వండి. 15 నిమిషాల తరువాత మళ్ళీ చూడండి. తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, ఆసుపత్రికి తీసుకురండి. షుగర్ పడి లేచిన మనిషికి విపరీతమైన ఆకలి వేస్తుంది. ఆ పూట అతనిని బఫే బల్ల దగ్గరకు పంపితే ఏమవుతుందో పైన చెప్పాము.

గుండె బలహీనంగా ఉన్నవారికి శత్రువు తీపి కాదు, ఉప్పు. రోజుకు 5 గ్రాముల లోపు, అనగా ఒక చెంచా లోపే ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెబుతున్నారు. సూపు, వేపుడు, బిర్యానీ, పచ్చడి, అప్పడం కలిపి తింటే ఒక్క పూటలోనే అది దాటిపోతుంది. ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. బలం తగ్గిన గుండె ఆ నీటిని తోడలేదు. పగలు కాళ్ళలో ఉన్న నీరు రాత్రి పడుకున్నప్పుడు ఊపిరితిత్తులకు చేరుతుంది. అందుకే అర్ధరాత్రి ఆయాసం. విందు తరువాత మూడు రోజులు ఉదయాన్నే బరువు చూసుకోండి. రెండు కిలోలు పెరిగితే ఆయాసం వచ్చే వరకు ఆగకుండా రండి. కడుపు బిగిసేలా తిన్న తరువాత గుండెలో నొప్పి, ఎడమ చేతి లాగుడు వస్తే "గ్యాస్" అని సోడా త్రాగి పడుకోకండి. ఈ మాట ఎన్నిసార్లు వ్రాసినా మాకు తనివి తీరదు, ఎందుకంటే ప్రతి క్రిస్మస్ వారంలోనూ ఎవరో ఒకరు సోడా త్రాగి వస్తారు.

వేడిగా ఉండవలసినది వేడిగా ఉన్నదా లేదా చూసుకోవడం అందరికీ అవసరమే. వండిన పదార్థం 60 డిగ్రీలకు పైన ఉండాలి, బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. మన దగ్గర థర్మామీటరు ఉండదు కనుక మూత తీస్తే ఆవిరి వస్తున్నదా అని చూడండి. ముఖ్యంగా ఫ్రైడ్ రైస్. పొద్దున వండి చల్లారబెట్టిన అన్నంలో పెరిగే ఒక సూక్ష్మజీవి విడిచే విషం మళ్ళీ వేయించినా పోదు.

అక్క వార్డులో ఉన్న రోజులలో నైట్ డ్యూటీలో ఇదే చర్చ. మాలో ఒక సిస్టరు కుటుంబంతో బ్యాంకాక్ వెళ్ళివచ్చింది. అక్కడ ఇంకొక రకం చూశానని చెప్పింది. థాయివారు దానిని మూ క్రథా అంటారట. మూ అంటే పంది, క్రథా అంటే పెనం. బల్ల మధ్యలో బొగ్గుల కుంపటి, దాని మీద గుమ్మటం వంటి పెనం. గుమ్మటం మీద మాంసం ముక్కలు కాల్చుకుంటారు. చుట్టూ కాలువలాగ ఉన్న అంచులో సూపు మరుగుతూ ఉంటుంది, అందులో ఆకుకూరలు, పుట్టగొడుగులు, నూడుల్స్ ఉడికించుకుంటారు. కాలిన మాంసం కొవ్వు కారి ఆ సూపులోనే పడుతుంది. తలకు ఇంత అని డబ్బు కట్టి, పచ్చి మాంసం ఎన్ని పళ్ళాలైనా తెచ్చుకోవచ్చు. తాను వెళ్ళినచోట గంటన్నర గడువు పెట్టారని, పళ్ళెంలో వదిలేస్తే జరిమానా అని బోర్డు ఉన్నదని ఆ సిస్టరు చెప్పింది. జరిమానాకు భయపడి తన భర్త చివరి పళ్ళెం కళ్ళు మూసుకుని తిన్నాడట! డబ్బు కట్టి తినడం ఒక ఎత్తు, డబ్బు కట్టవలసి వస్తుందని తినడం ఇంకొక ఎత్తు.

అయితే ఆ భోజనంలో మేము మెచ్చుకున్నది కూడా ఒకటి ఉన్నది. అక్కడ ఏ ముక్కా ఊరికే రాదు. కాల్చుకోవాలి, ఉడికే వరకు ఆగాలి, నలుగురూ ఒకే కుంపటి చుట్టూ కూర్చోవాలి. ఆ ఆగడం వలన నోటికి తీరిక దొరుకుతుంది. మన బఫేలో ఆ తీరిక కూడా లేదు.

వారికి ఉన్న ప్రమాదం వేరు. పచ్చి మాంసం పట్టుకున్న పుల్లలతోనే ఉడికిన ముక్క తీసి నోట్లో పెట్టుకుంటారు. పందులలో ఉండే ఒక బాక్టీరియా అలా మనిషికి సోకుతుంది. మెదడు పొరలకు వాపు వచ్చి, బ్రతికినవారిలో చాలామందికి చెవుడు మిగిలిపోతుంది. థాయి భాషలో దీని పేరుకు "చెవి ఆరిపోయే జ్వరం" అని అర్థం వస్తుంది. మనుషులలో దీనిని మొదట 1968లో డెన్మార్క్‌లో గుర్తించారు. 2005లో చైనాలోని సిచువాన్‌లో 200 మందికి పైగా ఈ జబ్బు వచ్చింది. అది ఎక్కడో దూరదేశం సంగతి అనుకోకండి. మన సంఘంలోనూ పంది మాంసం వండుకునే కుటుంబాలు ఉన్నాయి. కోడి మాంసం అయితే అందరి ఇళ్ళలోనూ ఉన్నది. టేబుల్ మధ్యలో నిప్పులు పెట్టి కాల్చుకునే హోటళ్ళు మన నగరంలోనూ ఉన్నాయి, పిల్లలు ఇంటి మేడ మీద కూడా అదే చేస్తున్నారు. పచ్చి ముక్కకు ఒక పట్టుకారు, కాలిన ముక్కకు వేరొక పట్టుకారు. చేతికి గాయం ఉంటే పచ్చి మాంసం ముట్టుకోకండి. లోపల ఎర్రదనం పోయే వరకు కాలనివ్వండి. కిడ్నీ జబ్బు ఉన్నవారు ఇటువంటి చోట చివరకు మిగిలే సూపు త్రాగవద్దు. కూరలలోని పొటాషియం ఆ నీటిలోకి దిగి ఉంటుంది, ఉప్పు సంగతి చెప్పనక్కరలేదు.

మళ్ళీ మన ఊరికి వద్దాము. హోటలుకు వెళ్ళడం నెలకో ఆరు నెలలకో. మన సంఘాలలో ప్రేమవిందులు, పంట పండుగ, పెళ్ళిళ్ళు, జ్ఞాపక కూటములు అంతకన్నా ఎక్కువ. ఒకప్పుడు వీటన్నిటిలో బంతి భోజనం. చాప పరచి వరుసగా కూర్చోబెట్టి, యౌవనస్థులు వడ్డించేవారు. ఎవరి ఆకులో ఏమున్నదో వడ్డించేవారికి తెలుసు. "ఈ అమ్మకు షుగర్, స్వీటు వేయకు" అని ప్రక్కవారు చెప్పేవారు. ఇప్పుడు అంతటా బఫే. స్థలం తక్కువ, వడ్డించే మనుషులు తక్కువ, త్వరగా అవుతుంది. కారణాలు మాకు తెలుసు. కానీ ముసలివారు పళ్ళెం పట్టుకుని క్యూలో నిలబడడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. మళ్ళీ క్యూలో నిలబడలేమని వారు ఒకేసారి అంతా పెట్టుకుంటారు. పెట్టుకున్నది పారవేయలేక తింటారు.

సంఘ కమిటీలకూ స్త్రీల మైత్రికీ మా మనవి ఒకటే. బఫే పెట్టుకోండి, కాదనము. ప్రక్కన రెండు బెంచీలు వేసి, అరవై దాటినవారికీ, జబ్బు ఉన్నవారికీ ఒక బంతి వడ్డించండి. నలుగురు యౌవనస్థులు చాలు. మారు ఒకసారే అడగాలి. వద్దంటే రెండవసారి అడగకూడదు. కొసరి కొసరి వడ్డించడం మన మర్యాద అని పెద్దలు అంటారు. మేము కూడా ఆ మర్యాదలోనే పెరిగాము. ఆ మర్యాద వలన ఒక మనిషి ఆక్సిజన్ మీద పడుకోవడం చూసిన తరువాత మాకు దాని మీద అంత మమకారం మిగలలేదు.

ఇంకొక మాట మా విభాగంలో మేము మార్చుకున్నది. డిశ్చార్జి చీటీ ఇచ్చేటప్పుడు "బయట తినకండి" అని చెప్పేవారము. పేషంటు తల ఊపేవాడు. ఆ తరువాత తిని, మాకు చెప్పకుండా దాచేవాడు. పరీక్షలో షుగర్ పెరిగితే మందు పనిచేయలేదనుకుని డాక్టరు గారు మోతాదు పెంచేవారు. ఆ ఒక్క పూట విందు వలన పెరిగిన షుగరుకు మిగతా రోజులన్నీ మందు ఎక్కువ. ఇప్పుడు మేము "ఈ నెలలో విందులేమైనా ఉన్నాయా?" అని అడుగుతున్నాము. సిగ్గుపడకుండా చెబుతున్నారు. ఒక పెద్దాయన అయితే నాంపల్లి ఎగ్జిబిషన్‌కు మూడుసార్లు వెళ్ళానని, ఏ స్టాలులో ఏమి తిన్నదీ వరుసగా చెప్పాడు. చెప్పనివ్వండి, చెబితేనే మాకు లెక్క తెలుస్తుంది.

అక్క ఇప్పుడు క్షేమంగా ఉన్నారు. గత నెలలో ఆమె పుట్టినరోజు వచ్చింది. మళ్ళీ అబిడ్స్‌కే వెళ్ళాము, ఆమె అడిగినందుకే. ఈసారి ఒక పాత శాకాహార హోటలులో ప్లేట్ మీల్స్. మెట్లు ఎక్కి కూర్చున్నాక, పళ్ళెం బల్ల మీదకు వచ్చాక, సంచిలో నుండి సూది తీసి వేసుకున్నారు. ప్రక్క టేబులువారు చూశారు, చూడనివ్వమన్నారు. పచ్చడి, అప్పడం తీసి మా పళ్ళాలలో వేశారు. స్వీటు సగం తిని సగం చిన్న సిస్టరుకు ఇచ్చారు. వడ్డించే అతను రసం గిన్నె పట్టుకుని వచ్చి ఇంకొంచెం పోయమంటారా అని అడిగితే అక్క చెయ్యి అడ్డం పెట్టారు. మాలో ఒకరు అలవాటు కొద్దీ "కొంచెం పోసుకోండక్కా" అనబోయి నాలుక కరుచుకున్నారు. బిల్లు అక్కే కట్టారు.

మీ ఇంట్లో పెళ్ళిగాని, విందుగాని ఉంటే ఒకటి రెండు రోజుల ముందుగానే మీ మందుల చీటీ తీసుకుని షుగర్ క్లినిక్‌కు రండి. ఆ పూట సూది ఎప్పుడు వేసుకోవాలో, మోతాదు మార్చాలో లేదో డాక్టరు గారిని అడిగి వ్రాయించి ఇస్తాము. వచ్చేటప్పుడు ఇంట్లో వడ్డించేవారిని కూడా వెంట తీసుకురండి.